ఐసు చీటీ

కురుపాం మార్కెట్ వెనక
మా బైండింగు కొట్టుకి ఆ వర్షాకాలం
మూడు స్వర్గాలు వచ్చాయి,
వెన్నులు విరిగి, చెదలు తిని,
గోనెసంచిలో.
లైబ్రరీ గుమస్తా జోగారావు చీటీ రాసిచ్చాడు:
ఊహా సమాజాలు, నవలలు, మూడు. అట్ట, కుట్టుపని.

మైదా జిగురు ఉడికేలోపు
నేను పైకి చదువుతాను.
నూకాలు కుడుతుంది.
పొద్దున చేపలమ్మి, మధ్యాహ్నం మా కొట్లో.
పెదజాలారిపేటలో ఇరవయ్యేళ్లు వలలు అల్లిన చెయ్యి,
కాగితం దానికి కొత్త, దారం కాదు.

మొదటిది ఒక దీవి.
అక్కడ డబ్బు లేదు.
తెల్లవారుజామున ఒకే గంట,
వెయ్యి తలుపులు ఒక్కసారే తెరుచుకుంటాయి.
ఎవరికి కావలసింది వాళ్లు పట్టుకెళ్లి
మిగిలింది సాయంత్రం తెచ్చి పెట్టేస్తారు.
నూకాలు సూది ఆపింది.
"సేపలు కూడానా?"
చేపలు కూడా.
"సాయంత్రం దాకా? ఐసు ఎవులేస్తారు?"
పేజీలు తిప్పి చూశాను.
మూడొందల పేజీల్లో
ఆ రచయిత ఎక్కడా ఐసు వెయ్యలేదు.

రెండోది కొండ మీది ఊరు.
అక్కడి భాషలో 'నాది' అనే మాటే లేదు.
బిడ్డ ఏడిస్తే దగ్గరున్న ఒడి ఎత్తుకుంటుంది,
ఎవరైనా పోతే ఊరంతా సమానంగా ఏడుస్తుంది,
తూకం వేసినట్టు.
ఇది నాకు నచ్చింది. గొంతు కొంచెం పెంచాను.
ఆమె ఏమీ అనలేదు.
దారం కొరికి, మైనం రాసి,
మళ్లీ ఎక్కించుకుంది.
చాలాసేపటికి,
"మా పెద్దోడు బోటుతో పాటు పోయినప్పుడు
పేటంతా ఏడిసింది బాబూ.
మంచోలే.
మూడో రోజుకి పొయ్యిలు ఎలిగించుకున్నారు.
నాను ఎలిగించలేదు.
ఆ ఊల్లో నాకు ఆ సెలవుంటాదేటి?"

మూడోది మన ఊరే, రెండొందల ఏళ్ల తర్వాత.
డాల్ఫిన్స్ నోస్ నుంచి భీమిలి దాకా గాజు పందిరి,
తుఫాను దాని మీద వాలి జారిపోతుంది.
ఓడల్ని యంత్రాలే నింపుతాయి,
ఎవరి చొక్కాకీ చెమట మరక లేదు,
గాలికి వాసన లేదు.
సరిగ్గా ఆ వాక్యం మీద
ఓడరేవు నుంచి వచ్చిన నల్లపొడి
సన్నగా కూర్చుంటోంది.
వేలితో తుడిస్తే మరక పెద్దదైంది.
ఆ ఏడాది తుఫానుకి మా రేకుల కప్పు ఎగిరి
ఎవరి డాబా మీద పడిందో ఇప్పటికీ తెలీదు.
గాజు పందిరి నాకు కావాలి, నిజం చెప్పాలంటే.
నవ్వకు, అన్నాను.
"నవ్వట్లేదు.
అంత అద్దం ఎవులు తుడుస్తారో అని సూస్తన్నాను."

మూడిట్లోనూ లేనివాణ్ణి మాత్రం నేనే కనిపెట్టాను:
బైండరు.
ఆ ఊళ్లలో పుస్తకాలున్నాయి,
గుమ్మటాల కింద, పాలరాతి గదుల్లో.
ఒక్క పేజీ చిరగదు.
అన్నం తింటూ ఎవరూ చదవరేమో,
ఏ పిల్లాడూ పేజీ చెవి మడవడేమో,
నలిపేసేంత ఇష్టం
ఎవరికీ కలగదేమో.
కోపం వచ్చింది. కొంచెం భయం కూడా.

"కన్నాలు లేని వల అల్లితే
సముద్రం మొత్తం వస్తాది. పడవ ములిగిపోద్ది"
అని, ఆ మాటని అక్కడే వదిలేసి
నూకాలు టీకి లేచింది.

మూడో రోజు జోగారావు వచ్చి
కూచుని పేజీలు లెక్కపెట్టుకున్నాడు, అలవాటు.
దీవి పుస్తకంలో ఒకటి ఎక్కువ.
నూటపన్నెండుకీ నూటపదమూడుకీ మధ్య
గులాబీరంగు కాగితం,
చేపల రేవులో ఐసు కొట్టువాడి చీటీ:
దిమ్మలు రెండు. బాకీ మూడువందల నలభై.
కింద నూకాలు వేలిముద్ర.

"తీసెయ్యండి" అన్నాడు.
తియ్యాలంటే కుట్టు మొత్తం విప్పాలి.
నూకాలు తొంగి చూసి,
"ఓలమ్మ, ఇక్కడున్నాదా!
రెండు రోజుల్నించి ఎతుకుతన్నాను" అంది.
జోగారావు ఆమె వంక చూశాడు, నా వంక చూశాడు,
రశీదు మీద సంతకం పెట్టాడు.

డబ్బు లేని ఆ దీవి
ఇప్పుడు ద్వారకానగర్‌లో, మేడమీద,
కిటికీ పక్క బీరువాలో ఉంది,
ఐసు వాడికి బాకీపడి.